ఒక కంపెనీ షేర్‌ని ఎఫ్ఐఐలు, ఫండ్లు కొంటున్నాయా అమ్ముతున్నాయా, మనమే చూసుకోవడం ఎట్టా?

"అన్నా, ఫలానా షేర్లో ఎఫ్ఐఐలు ఎక్కుతున్నారంట, నిజమేనా?" ఎఫ్ఐఐలంటే మన మార్కెట్లో డబ్బు పెట్టే విదేశీ సంస్థలు. వారానికి ఇద్దరు ముగ్గురన్నా ఇదే అడుగుతుండారు. మొన్న టంగుటూరు నుంచి ఒక పొగాకు రైతు, అంతకుముందు కావలి వైపు రొయ్యల చెరువులున్న ఒకాయన, ఆ తర్వాత నెల్లూరు ట్రంక్ రోడ్డు బట్టల షాపులో పనిచేసే కుర్రాడు. ఒక్కొక్కరికి ఫోన్లో అరగంట చెప్పే బదులు అంతా ఒకసారే రాసేస్తే పోద్ది కదా అని కూర్చున్నా. నేను సెబీ (షేర్ మార్కెట్‌ని అదుపు చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్టర్డ్ అడ్వైజర్ని కాదు, ఒంగోల్లో షాపులకి లెక్కలు రాసుకునే మనిషిని, జమాఖర్చు పుస్తకం చూసినట్టే షేర్‌హోల్డింగూ (ఎవరి కాడ ఎన్ని షేర్లున్నాయనే లెక్క) చూస్తా, అంతే. ఏ షేర్ కొనాలో చెప్పను, అడగొద్దు.

పొగాకు వేలం కేంద్రంలో అయితే ఏ బేలు ఏ కంపెనీ ఎంతకి కొన్నదో అక్కడికక్కడే తెలిసిపోద్ది. షేర్ మార్కెట్లో అట్టా కాదు, స్క్రీన్ మీద ధర ఉంటది, క్వాంటిటీ ఉంటది, కొనేవాడి పేరు ఉండదు. ఎవరు కొన్నారనేది తర్వాత ముక్కలు ముక్కలుగా బయటికొస్తది. కొంత అదే రోజు సాయంత్రం, కొంత రెండ్రోజులకి, కొంత నెల తిరిగాక, పూర్తి లెక్క మాత్రం మూడు నెలలకోసారి. ఈ ముక్కలన్నీ ఒక కాగితం మీదకి తెచ్చుకోవడమే మన పని. "లైవ్‌లో ఎఫ్ఐఐ కొంటున్నాడు చూడు" అని ఎవడన్నా యాప్‌లో చూపిస్తే అది వాడి ఊహ.

కావాల్సినవి

ఫోన్ చాలు, కానీ ఎక్సెల్ ఫైళ్ళు తెరవాల్సి వస్తది కాబట్టి లాప్‌టాప్ ఉంటే కళ్ళకి సుఖం. షేర్లు చేతులు మారే ఎక్స్ఛేంజ్‌లు ఎన్ఎస్ఈ, బీఎస్ఈ, వాటి సైట్లు రెండూ ఫ్రీ, లాగిన్ కూడా అక్కర్లేదు. లెక్క రాసుకోడానికి ఒక స్ప్రెడ్‌షీట్, అది చేతకాకపోతే గళ్ళ నోటుబుక్కు. స్క్రీనర్, ట్రెండ్‌లైన్, మనీకంట్రోల్ లాంటి సైట్లు గబగబా చూడ్డానికి బాగుంటాయి, ఏదన్నా తేడాగా కనిపించిందంటే మాత్రం కంపెనీ ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చిన ఒరిజినల్ ఫైలింగ్ చూడాల్సిందే. ఎవరికీ రూపాయి కట్టే పన్లేదు. మొదటిసారి రెండు గంటలు పట్టుద్ది, తర్వాత ఇరవై నిమిషాల పని.

పేర్ల సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా. మనం ఎఫ్ఐఐ అంటున్నాం గానీ 2014 నుంచి సెబీ రూల్స్‌లో దాని పేరు ఎఫ్‌పీఐ, ఫైలింగులో అట్టానే ఉంటది, కంగారు పడొద్దు. డీఐఐ అంటే మన దేశం సంస్థలు: మ్యూచువల్ ఫండ్లు, ఎల్ఐసీ లాంటి ఇన్సూరెన్స్ కంపెనీలు, బ్యాంకులు, పెన్షన్ ఫండ్లు, ఏఐఎఫ్‌లు (డబ్బున్నోళ్ళ కాడ పోగేసే ప్రైవేట్ ఫండ్లు).

1. ముందు కంపెనీని సరిగ్గా పట్టుకోండి

నవ్వకండి, ఇక్కడే తప్పు చేసేవాళ్ళు చాలామంది. ఒకే ఇంటి పేరుతో నాలుగైదు కంపెనీలు ఉంటాయి. ఎన్ఎస్ఈ సింబల్, బీఎస్ఈ ఆరంకెల కోడ్, ఐసిన్ అని 12 అక్షరాల నంబర్, మూడూ పేజీ పైన రాసిపెట్టుకోండి. ఐసిన్ ఎందుకంటే తర్వాత మ్యూచువల్ ఫండ్ల ఎక్సెల్ ఫైళ్ళలో వెతకాలి, అక్కడ కంపెనీ పేరు ఒక్కో ఫండ్ ఒక్కో రకంగా కుదించి రాస్తది, ఐసిన్ మాత్రం అందరికీ ఒకటే. ఫేస్ వాల్యూ (కంపెనీ పుస్తకాల్లో షేర్‌కి రాసే విలువ, మార్కెట్ ధర కాదు) ఎంతో కూడా రాసుకోండి, 1 రూపాయా, 2 రూపాయలా, 10 రూపాయలా అనేది. దాంతో పని పడుద్ది.

2. చివరి ఐదు క్వార్టర్ల షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్ తీయండి

బీఎస్ఈ సైట్లో కంపెనీ పేరు కొడితే పక్క మెనూలో షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్ అని ఉంటది. ఎన్ఎస్ఈలో కార్పొరేట్ ఫైలింగ్స్ కింద. క్వార్టర్ (మూడు నెలలు) అయిపోయిన 21 రోజుల్లోపు కంపెనీ ఇది ఇవ్వాలి, అంటే జూన్ లెక్క జులై 21 లోపు, సెప్టెంబర్ లెక్క అక్టోబర్ 21 లోపు, డిసెంబర్‌ది జనవరి 21, మార్చిది ఏప్రిల్ 21. కొన్ని కంపెనీలు వారంలోనే ఇచ్చేస్తాయి, కొన్ని చివరిరోజు రాత్రి దాకా లాగుతాయి.

ఒకటి గుర్తుంచుకోండి, ఇది క్వార్టర్ చివరి రోజున తీసిన ఫొటో. ఏప్రిల్ 3న ఒక ఫండ్ కొన్నది మీకు జులై 20న కనిపించొచ్చు, అంటే మూడున్నర నెలల పాత వార్త. ఏప్రిల్లో కొని జూన్‌లో అమ్మేసిందనుకోండి, ఈ ఫొటోలో అసలు పడదు. అందుకే ఒక క్వార్టర్ చూసి లాభం లేదు, ఐదు తీస్తే నిరుడు ఇదే నెలతో పోల్చుకోవచ్చు.

ఫైల్ తెరిచాక మొదట సారాంశం టేబుల్, తర్వాత ప్రమోటర్ల (కంపెనీని చేతిలో పెట్టుకున్న అసలు యజమానుల) టేబుల్, ఆ తర్వాత పబ్లిక్ షేర్‌హోల్డర్ల టేబుల్ ఉంటాయి. మనకి కావాల్సింది పబ్లిక్ టేబుల్. అందులో దేశీ సంస్థలు వేరే, విదేశీ సంస్థలు వేరే, సంస్థలు కానివాళ్ళు వేరే భాగాలుగా ఉంటారు.

3. శాతాలు పక్కన పెట్టి షేర్ల సంఖ్య రాయండి

ఈ మొత్తంలో ఒక్క పనే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి. అందరూ "ఎఫ్ఐఐ 12 నుంచి 10కి వచ్చింది" అని శాతం చూసి ఆగిపోతారు. శాతం అనేది భాగహారం, పైనున్న అంకె మారినా మారుద్ది, కిందున్న అంకె మారినా మారుద్ది. సంఖ్య అట్టా మోసం చేయదు.

ఒక కంపెనీకి 10 కోట్ల షేర్లు ఉన్నాయనుకుందాం. పోయిన క్వార్టర్లో ప్రమోటర్ల కాడ 5 కోట్లు, ఎఫ్‌పీఐల కాడ 1 కోటి 20 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 90 లక్షలు, ఇన్సూరెన్స్ 40 లక్షలు, మిగతా జనం 2 కోట్ల 50 లక్షలు. ఈ క్వార్టర్లో ప్రమోటర్లు అంతే ఉన్నారు, ఎఫ్‌పీఐలు 1 కోటికి దిగారు, ఫండ్లు 1 కోటి 2 లక్షలకి ఎక్కాయి, ఇన్సూరెన్స్ 43 లక్షలు, జనం 2 కోట్ల 55 లక్షలు.

ఇప్పుడు తేడాలు రాయండి. ఎఫ్‌పీఐ మైనస్ 20 లక్షలు. ఫండ్లు ప్లస్ 12 లక్షలు, ఇన్సూరెన్స్ ప్లస్ 3, జనం ప్లస్ 5. కూడితే సున్నా. జమాఖర్చు కలిసింది! అమ్మిన ప్రతి షేర్ ఎవరో ఒకరు కొనే ఉంటారు కాబట్టి కొత్త షేర్లు పుట్టకపోతే ఈ వరస ఎప్పుడూ సున్నా రావాలి. రాలేదంటే మీరు ఏదో లైను వదిలేశారు, లేదా కంపెనీ షేర్ల మొత్తమే మారింది.

ఇట్టా రాస్తే ఇంకో లాభం, "ఎఫ్ఐఐలు అమ్మేశారంట" అన్న భయం పోయి "ఎవరు కొన్నారు" అనే ప్రశ్న వస్తది. పై లెక్కలో 20 లక్షల్లో 15 లక్షలు మన సంస్థలే తీసుకున్నాయి, నన్నడిగితే అది పెద్ద కంగారు పడే విషయం కాదు. అదే ఎఫ్‌పీఐలు, ఫండ్లు రెండూ తగ్గి చిన్న షేర్‌హోల్డర్ల సంఖ్య మాత్రం యాభై వేల నుంచి లక్షన్నరకి పోయిందంటే, తెలిసినవాళ్ళు దిగిపోతుంటే మనలాంటోళ్ళం ఎక్కుతున్నామని నేను అనుమానిస్తా. రుజువు కాదు, అనుమానమే.

ఆ 20 లక్షలు పెద్దదా చిన్నదా అని ఎట్టా తెలుస్తది? క్వార్టర్‌కి సుమారు 60 ట్రేడింగ్ రోజులు ఉంటాయి. ఆ షేర్‌లో రోజుకి సగటున 2 లక్షల షేర్లు డెలివరీ అవుతుంటే (అదే రోజు తిరిగి అమ్మకుండా కొన్నోళ్ళ ఖాతాలోకి పోతుంటే) 60 రోజులకి 1 కోటి 20 లక్షలు, అందులో 20 లక్షలంటే ఆరో వంతు, గట్టి అమ్మకమే. అదే రోజుకి 20 లక్షలు డెలివరీ అయ్యే షేర్ అయితే ఒక్క రోజు పని, పట్టించుకోవద్దు. డబ్బుల్లో కావాలంటే ఆ క్వార్టర్ సగటు ధరతో గుణించండి, 400 అనుకుంటే 80 కోట్లు, కానీ "వాళ్ళు 400కి అమ్మారు" అని మాత్రం అనొద్దు, ఏ రోజు ఎంతకి అమ్మారో ఈ ఫైలింగ్ చెప్పదు.

4. మొత్తం షేర్లు మారాయా చూడండి

సున్నా రాకపోతే ఇక్కడికి రండి. అదే కంపెనీ క్యూఐపీ (పెద్ద సంస్థలకి నేరుగా కొత్త షేర్లు అమ్మడం) చేసి 1 కోటి కొత్త షేర్లు ఇచ్చిందనుకోండి, మొత్తం 11 కోట్లు. ఎఫ్‌పీఐలు ఒక్క షేర్ కూడా అమ్మలేదు, అదే 1 కోటి 20 లక్షలు, శాతం మాత్రం 12 నుంచి 10.91కి పడుద్ది. గ్రూపుల్లో "ఎఫ్ఐఐలు పరార్" అని పోస్ట్ పడుద్ది. తలకిందులుగా, కంపెనీ 50 లక్షల షేర్లు బైబ్యాక్ చేస్తే (తన షేర్లు తానే కొని రద్దు చేస్తే) ఎఫ్‌పీఐలు ఏమీ కొనకుండానే 12.63 అవుద్ది. బోనస్ (ఉన్నోళ్ళకి ఉచితంగా ఇచ్చే షేర్లు), స్ప్లిట్ (ఒక షేర్‌ని ముక్కలు చేయడం) అయితే సంఖ్య పెరుగుద్ది శాతం మారదు, అప్పుడు పాత క్వార్టర్ల సంఖ్యల్ని కూడా అదే నిష్పత్తిలో పెంచుకుని పోల్చాలి, లేకపోతే అందరూ రెండింతలు కొన్నట్టు కనిపిస్తది.

క్యూఐపీలో ఫండ్లు కొన్నది మార్కెట్లో కొన్నట్టు కాదు, కంపెనీ కాడ నేరుగా తీసుకున్నారు. ఆ ఇష్యూలో 5% కంటే ఎక్కువ ఎవరికి ఇచ్చారో కంపెనీ ఎక్స్ఛేంజ్‌కి చెప్పాలి, అనౌన్స్‌మెంట్లలో వెతికితే దొరుకుద్ది.

విలీనాలు ఇంకా గమ్మత్తుగా ఉంటాయి. 2023 జులై 1న హెచ్‌డీఎఫ్‌సీ లిమిటెడ్ వచ్చి హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో కలిసింది. అప్పటిదాకా ప్రమోటర్ ఆ లిమిటెడ్ కంపెనీయే కాబట్టి కలిసిన తర్వాత ప్రమోటర్ కాలమ్ సున్నా అయింది, ఎఫ్ఐఐ కాలమ్ మూడో వంతు చుట్టూ ఉన్నది సగం దాటిపోయింది. విదేశీయులు మూడు నెలల్లో అంత కొన్నారా? లేదు, లిమిటెడ్ కంపెనీలో వాళ్ళకి ముందే ఉన్న షేర్లు బ్యాంకు షేర్లుగా మారినాయి, ప్రమోటర్ పేరున ఉన్నవి రద్దయిపోయాయి, అంతే. గ్రాఫ్ చూసినోడు మాత్రం ఎఫ్ఐఐలు ఎగబడ్డారనుకుంటాడు.

5. పేర్ల పట్టిక, 1% గీత

పబ్లిక్ టేబుల్లో 1% అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థల పేర్లు విడిగా ఇస్తారు. ఇక్కడ ఒక గొయ్యి ఉంది. ఒక ఫండ్ 1.02% ఉండి కాస్త అమ్మి 0.98కి వచ్చిందనుకోండి, పేరు పట్టికలోంచి మాయం. "ఫలానా ఫండ్ మొత్తం దిగిపోయింది" అని వీడియోలు వస్తాయి. అదే ఫండ్ తర్వాత క్వార్టర్లో ఇంకాస్త కొంటే "కొత్తగా ఎంట్రీ"! కాబట్టి పేరు పోయిందంటే 1% కంటే తక్కువకి వచ్చిందని మాత్రమే అర్థం, సున్నా అని కాదు. మ్యూచువల్ ఫండ్ అయితే నెలవారీ పోర్ట్‌ఫోలియోలో నిజం దొరుకుద్ది, విదేశీ ఫండ్ అయితే అంతవరకే మనకి తెలిసేది.

ఇంకో గొయ్యి, చిన్న షేర్‌హోల్డర్ల వరసలో 2 లక్షల రూపాయల వరకు అని ఉంటది. అది మార్కెట్ విలువ కాదు, ఫేస్ వాల్యూ లెక్క. ఫేస్ వాల్యూ 1 రూపాయి ఉన్న షేర్ 400 దగ్గర ఉంటే 2 లక్షల షేర్లంటే 8 కోట్ల రూపాయలు. ఎనిమిది కోట్ల ఆసామి కూడా ఈ చిన్నోళ్ళ వరసలోనే కూర్చుంటాడు. అందుకే ఫేస్ వాల్యూ రాసుకోమన్నా.

ఒక అసలు ఉదాహరణ

మన జిల్లాలో పొగాకు పండించే ప్రతి ఇంటికీ తెలిసిన కంపెనీ ఐటీసీ. దానికి ప్రమోటర్ లేడు, మొత్తం పబ్లిక్ కింద ఉంటది. అందులో పెద్ద వాటాదారు బ్రిటిష్ అమెరికన్ టొబాకో. అది ఫండ్ కాదు, విదేశీ కంపెనీ, ఫైలింగులో విదేశీ కంపెనీల వరసలో వస్తది, ఎఫ్‌పీఐల వరసలో కాదు. కొన్ని సైట్లు మాత్రం విదేశీ అనేదంతా ఒకే ఎఫ్ఐఐ కాలమ్‌లో కలిపేస్తాయి. అందుకే ఒక సైట్లో ఒక అంకె ఇంకో సైట్లో ఇంకో అంకె కనిపిస్తే కంగారుపడొద్దు, ఫైలింగ్ తెరిచి ఏది యాడ కలిసిందో చూసుకోండి.

2024 మార్చి 13న ఆ విదేశీ కంపెనీ ఐటీసీలో 3.5% అమ్మింది, సుమారు 43.69 కోట్ల షేర్లు, 17,485 కోట్ల చిల్లర. వాటా 29 దగ్గర్నుంచి 25.5 దగ్గరికి దిగింది. పెద్దోడు అంత అమ్మితే షేర్ కుప్పకూలాలి కదా, ఆ రోజు పెరిగింది. వాళ్ళు అమ్ముతారని ముందు నుంచీ మార్కెట్లో నానుతున్న మాటే, ఎప్పుడు ఎంత అనే బెంగ ఆ రోజు తీరింది, కొనడానికి సంస్థలు సిద్ధంగా ఉన్నాయి. 2025 మే నెలలో ఇంకో 2.5% అమ్మారు, ఈసారి షేర్ పడింది. ఒకే అమ్మేవాడు, ఒకే కంపెనీ, రెండు రకాల ఫలితాలు. కాబట్టి సంస్థ అమ్మింది అంటే ధర పడుద్ది అని సూత్రం రాసిపెట్టుకోవద్దు. మీరు ప్రాక్టీసు చేయాలంటే ఈ కంపెనీవే 2023 డిసెంబర్, 2024 మార్చి ఫైలింగులు రెండూ పక్కపక్కన పెట్టుకుని 3వ స్టెప్ చేయండి, విదేశీ కంపెనీల వరసలో తగ్గిన షేర్లు ఏ ఏ వరసల్లోకి చేరాయో మీరే పట్టుకోవచ్చు.

6. నెలనెలా మ్యూచువల్ ఫండ్ల లెక్క

మూడు నెలలు ఆగలేనివాళ్ళకి ఇది మంచి దారి. ప్రతి ఫండ్ హౌస్ నెల అయిపోయిన 10 రోజుల్లోపు తన స్కీముల పోర్ట్‌ఫోలియో మొత్తం సైట్లో పెట్టాలి. 11వ తారీఖు తర్వాత ఎక్సెల్ డౌన్‌లోడ్ చేసి ఐసిన్ కొట్టి వెతకండి, షేర్ల సంఖ్య పోయిన నెలతో పోల్చండి. అన్ని ఫండ్లూ చేయడం మన వల్ల కాదు, ఆ షేర్లో పెద్ద వాటా ఉన్న నాలుగైదు ఫండ్ హౌసులు చాలు. అన్నీ కలిపి చూపించే సైట్లు ఉన్నాయి, వాడుకోండి.

కానీ స్కీము పేరు తప్పకుండా చదవండి. ఇండెక్స్ ఫండ్ కొన్నదంటే ఎవరూ ఆలోచించి కొన్నట్టు కాదు, జనం సిప్ (నెలనెలా కట్టే) డబ్బులు వచ్చాయి, ఇండెక్స్‌లో (నిఫ్టీ లాంటి సూచీలో) ఆ షేర్ ఉంది, కొన్నారు. ఆర్బిట్రేజ్ ఫండ్ అయితే ఇంకా దారుణం, ఇక్కడ షేర్ కొని అక్కడ ఫ్యూచర్ (ముందు తేదీకి ఇప్పుడే ధర ఖాయం చేసుకునే ఒప్పందం) అమ్ముతారు, ఆ కంపెనీ పెరిగినా పడినా వాళ్ళకి పట్టదు. ఈ రెండు రకాలూ తీసేసి మిగతాది కూడండి. నేను చూసినంతలో ఫ్యూచర్స్ ఉన్న షేర్లలో "ఫండ్లు భారీగా కొన్నాయి" అనే వార్తల్లో కొంత ఈ ఆర్బిట్రేజ్ సరుకే ఉంటది.

7. సాయంత్రం బల్క్, బ్లాక్ డీల్స్

ఒకే క్లయింట్ ఒక రోజులో కంపెనీ మొత్తం షేర్లలో 0.5% కంటే ఎక్కువ కొన్నా అమ్మినా అది బల్క్ డీల్, మార్కెట్ అయిపోయాక ఎక్స్ఛేంజ్ సైట్లో పేరు, సంఖ్య, సగటు ధరతో సహా వస్తది. బ్లాక్ డీల్ అంటే ప్రత్యేక విండోలో ఇద్దరు మాట్లాడుకుని చేసుకునే పెద్ద డీల్, కనీస సైజు ఇంతకుముందు 10 కోట్లు, 2025 డిసెంబర్ నుంచి 25 కోట్లు చేశారు. ఎన్ఎస్ఈ, బీఎస్ఈ రెండు చోట్లా చూడాలి, ఒక చోట లేకపోతే ఇంకో చోట ఉండొచ్చు.

ఇందులో నేను చేతులు కాల్చుకున్నా. కొన్నేళ్ళ కిందట ఒక చిన్న షేర్లో బల్క్ డీల్ కొనుగోలు కనిపించింది, పేరు చూస్తే బ్రహ్మాండమైన సంస్థలా ఉంది, వెనకాముందూ చూడకుండా తెల్లారి తొమ్మిదింపావుకే కొనేశా. సాయంత్రం తీరిగ్గా చూస్తే అదే రోజు పట్టికలో నాలుగు లైన్ల కింద అదే పేరు, దాదాపు అంతే సంఖ్య, అమ్మకం వైపు. పొద్దున కొని మధ్యాహ్నానికి అమ్మేసిన ట్రేడింగ్ సంస్థ అది. నేను మాత్రం ఆ షేర్ మోసుకుంటా మూడు నెలలు తిరిగా. కాబట్టి ఒక పేరు కనిపిస్తే అదే పేరుతో అమ్మకం ఉందా అని పట్టికంతా వెతకండి, కొన్నదాంట్లోంచి అమ్మింది తీసేసి మిగిలిందే అసలు కొనుగోలు. మిగిలింది సున్నా అయితే ఆ లైను కొట్టేయండి.

రోజుకి 0.4% చొప్పున వారం రోజులు కొనే తెలివైన ఫండ్ ఈ పట్టికలోకి రాదు, అది కూడా తెలుసుకోండి. కొత్తగా లిస్ట్ అయిన కంపెనీల్లో అమ్మకం కనిపిస్తే లాకిన్ (ఇంతకాలం అమ్మకూడదనే గడువు) తేదీలు చూడండి, యాంకర్ ఇన్వెస్టర్లకి (ఐపీఓ, అంటే జనానికి తొలి అమ్మకం, తెరవకముందే షేర్లు తీసుకునే సంస్థలకి) సగం షేర్లు 30 రోజులకి, మిగతా సగం 90 రోజులకి విడుదలవుతాయి, ఐపీఓకి ముందే ఉన్న పాత ఇన్వెస్టర్లకి ఆరు నెలలు. ఆ తేదీ దాటగానే కొంత అమ్మకం రావడం మామూలే.

8. ఐదు శాతం నోటీసులు

ఎవరన్నా ఒక కంపెనీలో 5% చేరితే రెండు పనిదినాల్లో ఎక్స్ఛేంజ్‌కి చెప్పాలి, ఆ తర్వాత 2% పెరిగినా తగ్గినా మళ్ళీ చెప్పాలి. కంపెనీ అనౌన్స్‌మెంట్లలో రెగ్యులేషన్ 29 అని కనిపిస్తది. తెరిచాక రెండు చూడండి. ఒకటి, కొన్న విధానం: ఓపెన్ మార్కెట్లోనా, ప్రిఫరెన్షియల్ ఇష్యూనా (కంపెనీ ఎంచుకున్నోళ్ళకే ఇచ్చే కొత్త షేర్లా), వాళ్ళలో వాళ్ళే మార్చుకున్నారా. రెండు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు. ఎల్ఐసీ లాంటి పెద్ద సంస్థల నోటీసు చూస్తే ఆ 2% మార్పు చాలా నెలల మీద జరిగి ఉంటది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వార్తలో మాత్రం "ఎల్ఐసీ వాటా పెంచుకుంది" అని నిన్న కొన్నట్టే రాస్తారు. ప్రమోటర్ల, డైరెక్టర్ల కొనుగోళ్ళు వేరే ఇన్‌సైడర్ ట్రేడింగ్ పేజీలో ఉంటాయి, వాటిని సంస్థల లెక్కలో కలపొద్దు.

9. రోజూ వచ్చే ఎఫ్ఐఐ, డీఐఐ అంకెని మీ షేర్‌కి అంటగట్టొద్దు

"ఈరోజు ఎఫ్ఐఐలు రెండువేల కోట్లు అమ్మారు" అని సాయంత్రం వచ్చేది మొత్తం మార్కెట్ లెక్క, అదీ ప్రొవిజనల్, అంటే తాత్కాలిక లెక్క. ఏ షేర్ అమ్మారో అందులో ఉండదు. ఎన్ఎస్‌డీఎల్ (డీమ్యాట్ షేర్ల లెక్క దాచే సంస్థ) సైట్లో పదిహేను రోజులకోసారి రంగాల వారీగా వస్తది, బ్యాంకులు ఇంత, ఐటీ ఇంత అని, అది కాస్త నయం, అదీ కంపెనీ వారీ కాదు. ఫ్యూచర్స్‌లో ఎఫ్ఐఐ పొజిషన్లు కూడా అంతే.

డెలివరీ శాతం గురించి కూడా అడుగుతారు. ఎన్ఎస్ఈ రోజూ ఏ షేర్లో ఎంత డెలివరీ అయిందో ఇస్తది. రోజూ 35 ఉండేది వారం రోజులు 65 ఉంటే ఎవరో ఇంటికి తీసుకుపోతున్నారు, నిజమే, కానీ ఆ ఎవరో ఫండా, బాగా డబ్బున్న ఆసామా (హెచ్ఎన్ఐ), ఏదో గ్రూపు మెసేజ్ చూసి ఎగబడ్డ జనమా తెలియదు. సంతలో బస్తాలు బండెక్కుతున్నాయని తెలిసింది, బండి ఎవరిదో తెలియలేదు. డెలివరీ పెరిగినప్పుడు డైరీలో తేదీ రాసుకోండి, తర్వాత నెలవారీ ఫండ్ల ఫైల్ వచ్చాక సరిచూసుకోండి.

లెక్క సరిగ్గా వచ్చిందా ఎట్టా చూసుకోవాలి

మూడు పరీక్షలు చాలు. ప్రమోటర్ నుంచి చిల్లర వరకు అన్ని వరసలూ కూడితే మొత్తం షేర్లు రావాలి, తేడాల వరస సున్నా రావాలి లేదా కొత్తగా పుట్టిన షేర్లకి సమానం కావాలి. రెండోది, క్వార్టర్లో కనిపించిన పెద్ద బల్క్ డీల్ క్వార్టర్ చివర్లో ఆ వరసలో కనిపించాలి, ఒక ఫండ్ 30 లక్షలు కొన్నట్టు మీ డైరీలో ఉండి క్వార్టర్ ఫైలింగులో మ్యూచువల్ ఫండ్ల వరస 5 లక్షలే పెరిగితే ఆ ఫండో వేరే ఫండ్లో మొత్తమ్మీద 25 లక్షలు అమ్మినట్టు. మూడోది, మీ అంకెని ఏదన్నా సైట్లో అంకెతో పోల్చండి, తేడా వస్తే సైటే రైటు అనుకోవద్దు, మీరే రైటు అని కూడా అనుకోవద్దు, ఫైలింగులో ఏ వరస ఎందులో కలిపారో చూడండి.

ఇండెక్స్ మార్పుల నెలలు కూడా పక్కన రాసుకోండి. నిఫ్టీ సూచీల్లో మార్పులు మార్చి, సెప్టెంబర్ చివర్లో, విదేశీ ఫండ్లు చూసుకునే ఎంఎస్‌సీఐ సూచీలవి ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్‌లో. ఆ రోజుల్లో చివరి అరగంటలో వచ్చే భారీ వాల్యూమ్ ఎక్కువగా ఇండెక్స్ ఫండ్ల సర్దుబాటు, దాన్ని చూసి కథలు అల్లొద్దు.

ఒక హెచ్చరిక, ఇది గట్టిగానే చెప్తుండా. "మీకు ఇన్‌స్టిట్యూషనల్ అకౌంట్ ఇప్పిస్తాం, ఎఫ్ఐఐ కోటాలో షేర్లు తక్కువకి వస్తాయి, ఐపీఓ అలాట్‌మెంట్ గ్యారంటీ" అని వాట్సాప్ గ్రూపుల్లో చేర్చి యాప్ దించుకోమంటారు. మనకి ఎఫ్‌పీఐ దారిలో ట్రేడింగ్ చేసే వీలు లేదు, అట్టాంటి అకౌంటే లేదు. సెబీ 2024లోనే దీని మీద జనాన్ని హెచ్చరించింది. యాప్‌లో లాభం లక్షల్లో కనిపిస్తది, విత్‌డ్రా కొడితే ముందు టాక్స్ కట్టమంటారు. ఇప్పటికే డబ్బు పంపుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

చివరగా, నెల్లూరు వాళ్ళు పదేపదే అడిగేది, "కృష్ణపట్నం పోర్టు షేర్‌హోల్డింగ్ కనపడట్లేదు అన్నా" అని. ఆ పోర్టుకి విడిగా లిస్టయిన షేర్ లేదు. అదానీ పోర్ట్స్ 2020లో మెజారిటీ వాటా, 2021లో మిగతాది తీసుకుంది, కాబట్టి మీరు చూడాల్సింది ఆ పెద్ద కంపెనీ ఫైలింగ్, అందులో కృష్ణపట్నం ఒక ముక్క మాత్రమే. ఊరి పక్కనున్న ఫ్యాక్టరీ అయినా, చెరువుకి మేత అమ్మే కంపెనీ అయినా ముందు లిస్టయిందా, ఏ పేరు మీద లిస్టయింది అని చూసుకుని, అప్పుడు 1వ స్టెప్ దగ్గరికి రండి.